చోడంబలి ఇంట్లో పులియబెట్టుకోవడం ఎలా

రోడ్డు పక్క బండి దగ్గర గ్లాసులో వేడివేడిగా పోసి, పైన నాలుగు ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చేది రాగి జావ. మంచిదే, ఆకలేస్తే నేనూ ఆగి తాగుతాను. కానీ దాన్ని అంబలి అంటే మా విజయనగరం వైపు పెద్దవాళ్లు ఒప్పుకోరు. పిండి నీళ్లలో కలిపి పావుగంట కాస్తే జావ అయిపోతుంది. అంబలి అలా కాదు, అది పులవాలి. పిండి ఒక రాత్రంతా నాని పులిసి, కాచాక ఇంకో రాత్రి కుండలో నిద్ర చేసి, తెల్లారేసరికి చల్లగా, నాలిక్కి కాస్త చురుక్కుమనేలా తయారవ్వాలి.

అందుకని లెక్క ముందే చెప్తున్నాను. ఆదివారం పొద్దున అంబలి తాగాలని ఉంటే శుక్రవారం రాత్రే పిండి నానబెట్టాలి. శనివారం సాయంత్రం కాచాలి. మీరు చేతులు పెట్టి చేసే పని మొత్తం కలిపితే గంటకు మించదు. మిగతాదంతా కుండ చూసుకుంటుంది.

ఏ గింజ, ఏ పిండి

ఉత్తరాంధ్రలో చోళ్ళు, రాయలసీమలో రాగులు, తెలంగాణలో తైదలు. మూడూ ఒక్కటే గింజ. దుకాణంలో మాత్రం రాగులనే అడగండి, చోళ్ళంటే హైదరాబాద్‌లో మొహం వంక చూస్తారు. ఈ గింజ పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కొండలని శాస్త్రవేత్తలు చెప్తారు గానీ, మా ఊళ్లో ఆ మాట అంటే నవ్వుతారు. వి.ఆర్. 708, వి.ఆర్. 762 లాంటి చోడి రకాలు మా విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానంలో పుట్టినవే కాబట్టి, ఆ నవ్వులో కొంత న్యాయం ఉందనే నేననుకుంటాను.

ప్యాకెట్ పిండితో అంబలి రాదని కాదు, వస్తుంది. కానీ అది మరీ మెత్తగా ఉంటుంది, ఎప్పుడు ఆడించిందో తెలీదు. వీలైతే గింజలే కొనండి. చోళ్ళకున్న గొప్ప గుణం ఏమిటంటే గింజగా ఉన్నంతకాలం పురుగు పట్టదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. పిండి చేశాక మాత్రం నెల, నెలన్నరలో వాడెయ్యాలి. కాబట్టి ఒక్కసారే అయిదు కిలోలు ఆడించి డబ్బాలకెత్తకండి. కిలో చాలు.

గింజల్ని నాలుగు నీళ్లలో కడగండి. మొదటి నీళ్లు ఎర్రగా, మట్టిగా వస్తాయి, భయపడొద్దు. గింజ సన్నం కాబట్టి మట్టి బెడ్డలు కంటికి ఆనవు. గిన్నెను అటూ ఇటూ ఊపుతూ పైన తేలిన గింజల్ని మెల్లగా ఇంకో గిన్నెలోకి ఒంపుకుంటే ఇసుక అడుగున మిగిలిపోతుంది. దీన్నే గాలించడం అంటారు. ఈ పని బద్ధకిస్తే తర్వాత ప్రతి గుక్కలోనూ పళ్ల కింద కరకరమంటుంది. తర్వాత నీడలో బట్ట మీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. గుప్పిట్లో పట్టి వదిలితే ఒక్క గింజ కూడా అరచేతికి అంటకూడదు.

పిండి మర దగ్గర ఒక్క జాగ్రత్త. మీకంటే ముందు మరలో ఏం ఆడిందో అడగండి. ఒకసారి మా అత్తయ్య తీసుకెళ్లిన మూడు కిలోల చోళ్ళు ఎండుమిర్చి తర్వాత ఆడాయి. ఆ నెలంతా మా ఇంట్లో అంబలి తాగినవాళ్లు దగ్గుతూనే ఉన్నారు. బియ్యం తర్వాతో గోధుమల తర్వాతో అయితే ఫర్వాలేదు. కారం, పసుపు ఆడిన రోజైతే వెనక్కి తిరిగి వచ్చెయ్యండి. పిండి బరకగానే ఆడమనండి, వేళ్ల మధ్య నలిపితే సన్న రవ్వ తగిలినట్టుండాలి.

ఇంకో మాట. మొలకెత్తించిన రాగి పిండి ఆరోగ్యమని చాలామంది దాంతో మొదలెడతారు. అంబలికి అది పనికిరాదు. మొలక వచ్చినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని విరిచేస్తాయి, ఎంత కాచినా చిక్కబడక నీళ్లనీళ్లగానే ఉంటుంది. చంటిపిల్లల మాల్ట్‌కి అదే సుగుణం, మనకు మాత్రం అవగుణం.

కొలతలు

నలుగురికి సరిపోయే లెక్క ఇది. కప్పు అంటే 240 మిల్లీలీటర్లది.

చోడి పిండి 1 కప్పు
నానబెట్టడానికి నీళ్లు 3 కప్పులు
బియ్యపు నూకలు అర కప్పు
కాచడానికి నీళ్లు 5 కప్పులు
తాగేటప్పుడు పుల్ల మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి

నూకలు ఎందుకని అడగొచ్చు. ఒట్టి చోడి పిండితో కాస్తే అంబలి జిగటగా, ఒకే ముద్దలా ఉంటుంది. నూకలు పడితే తాగేటప్పుడు అక్కడక్కడ మెత్తని పలుకు తగులుతుంది, కడుపులో కూడా కాసేపు నిలబడుతుంది. కొన్ని ఇళ్లలో నూకల బదులు గంటెలు, అంటే సజ్జలు, కచ్చాపచ్చాగా దంచి వేస్తారు. బాస్మతి నూక మాత్రం వద్దు, ఆ వాసన చోళ్ళతో పడదు.

శుక్రవారం రాత్రి: నానబెట్టడం

పిండిని ముందు అర కప్పు చల్లనీళ్లతో చేత్తోనే పిసికి, ఉండలేమీ లేకుండా చిక్కని పేస్టులా చేసుకోండి. తర్వాత మిగతా నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. నీళ్లన్నీ ఒకేసారి కుమ్మరిస్తే పిండి గోళీలు కడుతుంది. ఆ గోళీలు పొయ్యి మీద కూడా విడిపోవు, పైన ఉడికి లోపల పచ్చిపిండి అలాగే ఉండిపోతుంది.

మట్టి పాత్రగానీ, గాజు, పింగాణీగానీ వాడండి. స్టీలైనా ఫర్వాలేదు. అల్యూమినియం, రాగి, ఇత్తడి వద్దు, పులుపుకి అవి కరుగుతాయి. పైన పల్చటి బట్ట కట్టి వంటింట్లో ఓ మూల పెట్టండి. మూత బిగించొద్దు.

వేసవిలో పది పన్నెండు గంటల్లో పులుస్తుంది. హైదరాబాద్ డిసెంబరు చలికి నాకు ఒక్కోసారి రోజున్నర పట్టింది. గడియారం చూసి కాదు, ముక్కుతో తెలుసుకోవాలి. బట్ట విప్పగానే పెరుగు గిన్నె దగ్గర వచ్చేలాంటి తేలిక పుల్లటి వాసన రావాలి. పిండంతా అడుగుకు దిగి, పైన లేతరంగు నీళ్లు తేరుకుని, అంచుల వెంబడి ఆవగింజంత బుడగలు కనబడాలి. గరిటెతో కదిపితే అడుగు నుంచి ఇంకొన్ని బుడగలు లేస్తాయి. అప్పుడు అది సిద్ధం.

ఈ పని చేసేది పెరుగు తోడుకోవడానికి కారణమయ్యే బ్యాక్టీరియా జాతివే. గింజ మీదా, పాత్ర మీదా, గాల్లోనూ ఉన్నవి పిండిలోకి చేరి పులుపు పుట్టిస్తాయి. చోళ్ళలో ఫైటిక్ ఆమ్లమని ఒకటుంటుంది, అది ఇనుము, కాల్షియం లాంటి ఖనిజాలను పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. పులిసినకొద్దీ అది తగ్గుతుంది. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం సుమారు 340 మిల్లీగ్రాములుందని, అదే బియ్యంలో పది దాకానే ఉంటుందని అందరూ చెప్పే లెక్క నిజమే. కానీ ఆ కాల్షియంలో ఒంటికి అందేది ఎంత అన్నది వేరే లెక్క. పులియబెట్టడమనే పనిని వదిలేసి జావ తాగేవాళ్లు ఆ రెండో లెక్క మర్చిపోతున్నారు.

పైన తేరిన నీళ్లు పారబొయ్యాలా, ఉంచాలా? ఈ విషయంలో మా ఇంట్లోనే రెండు పార్టీలు. మామ్మ మొత్తం ఉంచుతుంది. అత్తయ్య వంచేసి కొత్త నీళ్లు పోస్తుంది, రంగు బాగుంటుందని. నేను మొదటిసారి తాగేవాళ్ల కోసం చేస్తే సగం వంచేస్తాను, మాకోసమైతే చుక్క కూడా పోనివ్వను.

పైన ఎర్రగానో పచ్చగానో నల్లగానో బూజు కనిపించినా, తీగలా సాగినా, కుళ్లు వాసన వచ్చినా ఆలోచించకుండా పారబోసి మళ్లీ మొదలుపెట్టండి. పైపైన తీసేసి వాడేద్దామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు.

శనివారం సాయంత్రం: కాచడం

అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. అయిదు కప్పుల నీళ్లు మరిగాక, కడిగిన నూకలు వేసి మెత్తగా ఉడకనివ్వండి. పావుగంటలోపే అవుతుంది. నూక వేళ్ల మధ్య నలిగిపోయేంత మెత్తబడాలి, ఎందుకంటే చోడి పిండి పడ్డాక ఇంకెంత కాచినా అది ఉడకదు.

ఇప్పుడు మంట తగ్గించండి. నానిన పిండిని అడుగు నుంచి బాగా కలిపి, ఎడం చేత్తో సన్నని ధారగా పోస్తూ, కుడి చేత్తో తెడ్డు తిప్పుతూ ఉండండి. ఇద్దరుంటే సుఖం, ఒకరు పోస్తే ఒకరు తిప్పొచ్చు. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఉన్నట్టుండి తెడ్డు బరువెక్కుతుంది. అక్కడ చెయ్యి ఆపారా, అడుగంటినట్టే. తెడ్డు గిన్నె గోడల వెంట కాదు, అడుగు మీద గీస్తూ తిరగాలి.

చిక్కబడ్డాక లావు బుడగలు లేచి టప్పుమని పేలుతుంటాయి. ఆ తుంపర చేతి మీద పడితే పాకం పడ్డంత కాలుతుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, లేదా సగం మూత పెట్టి ఆ సందులోంచి తిప్పండి. సన్నమంట మీద పదిహేను ఇరవై నిమిషాలు. మరీ ముద్దయిపోతోందనిపిస్తే అర కప్పు వేడినీళ్లు పోసుకోవచ్చు. చల్లనీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది.

ఉడికిందని ఎలా తెలుస్తుంది? మూడు గుర్తులు చెప్తుంది మామ్మ. బూడిద కలిసినట్టున్న రంగు పోయి ముదురు గోధుమ రంగులో నిగనిగలాడాలి. పచ్చిపిండి వాసన పోయి, వేయించిన గింజల వాసన రావాలి. చివరిది అసలు పరీక్ష: వేళ్లు నీళ్లలో ముంచి, తడి వేళ్లతో పైన ఠక్కున తాకితే అంటుకోకూడదు. అంటుకుందంటే ఇంకో అయిదు నిమిషాలు. సరిగ్గా ఉడకని అంబలి తాగితే సాయంత్రానికి కడుపు ఉబ్బరించి మీకే తెలిసొస్తుంది.

కుక్కర్లో పెడితే పనైపోదా అని అడగబోతున్నారని తెలుసు. నేను అడగలేదు, చేసేశాను. హైదరాబాద్ వచ్చిన కొత్తలో, అద్దెగదిలో, నూకలూ పిండీ నీళ్లూ కలిపి కుక్కర్లో పోసి మూత పెట్టాను. మూడు కూతలనుకున్నాను. ఒక్కటీ రాలేదు. చిక్కబడ్డ పిండి విజిల్ గొట్టంలోకెక్కి కూర్చుంది, కాసేపటికి సేఫ్టీ వాల్వు ఎగిరిపోయి అంబలంతా సీలింగుకు పట్టింది. ఇంటావిడ వచ్చే లోపు కుర్చీ ఎక్కి తుడుస్తూ ఫోన్లో మామ్మకు చెప్తే, "అంబలికి కుక్కరేటే? కూత పెడితే గాని ఉడకదనుకున్నావా?" అని తిట్టి, ఆ తర్వాత ఎంతసేపు నవ్విందో. నూకలు విడిగా కుక్కర్లో ఉడికించుకోండి, తప్పులేదు. పిండి మాత్రం మూత లేని గిన్నెలోనే.

శనివారం రాత్రి: కుండకెత్తడం

దించిన అంబలిని గోరువెచ్చగా అయ్యేదాకా అలాగే చల్లారనివ్వండి. మధ్యమధ్య కలుపుతుంటే పైన మీగడలాంటి పొర కట్టదు. వేడివేడిగా కుండకెత్తి మూత పెడితే ఆవిరి నీరై లోపలే కారి, తెల్లారేసరికి పాచి వాసన వస్తుంది.

కుండ కొత్తదైతే నేరుగా వాడకండి. ఒక రోజంతా నీళ్లలో ముంచి ఉంచి, తర్వాత బియ్యం కడిగిన నీళ్లు పోసి సన్నమంట మీద ఒకసారి కాచి పారబోస్తే మట్టి వాసన పోతుంది. రంగులు పూసిన షోకేసు కుండలు వద్దు. సంతలో కుమ్మరి దగ్గర దొరికే మామూలు కుండే కావాలి. దానికి సన్నని రంధ్రాలుంటాయి, వాటిగుండా తడి బయటికి చేరి ఆరుతూ లోపలిదాన్ని చల్లబరుస్తుంది. మే నెలలో కూడా మా ఇంట్లో ఫ్రిజ్ లేకుండా అంబలి చల్లగా ఉండేదంటే కారణం అదే. కుదురు మీద కుండ పెట్టి, మూతికి తడిపి పిండిన బట్టతో వాసెన కట్టండి. పొయ్యికి దూరంగా, గాలి తగిలే చోట ఉంచండి.

రెండోసారి నుంచి ఒక అదనపు పని ఉంటుంది. నిన్నటి అంబలి ఒక గరిటెడు ఉంచుకుని, ఇవాళ్టిది గోరువెచ్చగా ఉన్నప్పుడు అందులో కలపాలి. పెరుగుకు తోడు వేసినట్టే. ఇలా చేస్తే పులుపు త్వరగా పడుతుంది, పాడు క్రిములు చేరే వీలు తగ్గుతుంది. మొదటిసారి పాత అంబలి ఉండదు కాబట్టి రెండు చెంచాల పుల్ల మజ్జిగ కలపండి. కొన్ని ఇళ్లలో తరవాణి ఉంటే అది పోస్తారు. రోజూ గంజీ, బియ్యం కడుగూ పోస్తూ కుండలో పులియబెట్టే తరవాణి ఈ రోజుల్లో ఎవరింట్లో ఉందో గానీ, ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

ఆదివారం పొద్దున: కలపడం, తాగడం

వాసెన విప్పి చూస్తే అంబలి గట్టిగా, గరిటె దిగితే అచ్చు పడేలా పేరుకుని ఉంటుంది. అలాగే ఉండాలి. దాంట్లోంచి మనిషికి ఒకటిన్నర గరిటెడు తీసి గిన్నెలో వేసి, చేత్తో మెత్తగా పిసకండి. మిక్సీ వద్దు, నురగ వచ్చేస్తుంది, నూక పలుకు పోతుంది. తర్వాత అంతే కొలత పుల్ల మజ్జిగ కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి. మజ్జిగ చిలికినదై ఉండాలి, వెన్న తీసేసినదైతే మరీ మంచిది. చిక్కటి పెరుగు కలిపితే బరువైపోతుంది, తాగాక నిద్రొస్తుంది.

ఉప్పు ఇప్పుడే వెయ్యాలి, కాచేటప్పుడు కాదు. రెండు రోజులు పులిసేదాంట్లో ముందే ఉప్పు పడితే చివరికి రుచి మన చేతిలో ఉండదు.

ఉల్లిపాయ తరగకండి. పొట్టు తీసి, గుప్పిటితో ఒక్క గుద్దు గుద్ది చిదపండి. చిదిపిన పాయలో రసం అంబలిలోకి దిగుతుంది. పచ్చిమిర్చి కూడా అంతే, తొడిమ తీసి మధ్యకు విరిచి వేస్తే చాలు. కొందరు కొత్తిమీర, కరివేపాకు, జీలకర్ర తాలింపూ వేస్తున్నారు. అది తప్పనను, కానీ తాలింపు పడ్డాక చోళ్ళ వాసన వెనక్కిపోతుంది.

లోటాలో గానీ గిన్నెలో గానీ పోసుకుని అంచు పెదవికి ఆనించి తాగాలి. స్పూన్ పెట్టుకుని తినేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడు అని సామెత ఊరికే పుట్టలేదు. ఆ చిక్కదనానికి మీసం ముంచుకుని బయటికి రావడం ఖాయం, ఎత్తిపట్టే జీతగాణ్ణి పెట్టుకోవడమే మిగిలిన దర్జా అన్నమాట.

పొలాల్లో దీని సమయం పొద్దున తొమ్మిది, పది గంటలు. ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్లప్పుడు, తెల్లారకముందే మడిలో దిగినవాళ్లు నడుం ఎత్తేది అప్పుడే. ఒకావిడ నెత్తిన క్యారేజీతో గట్టు మీదికి రాగానే వంగి ఉన్నవాళ్లంతా ఒకేసారి లేస్తారు. కాలవలో చేతులు కడుక్కుని, గట్టు మీదే కూర్చుని, ఒక ఉల్లిపాయను ఇద్దరు విరుచుకుని తాగుతారు. మళ్లీ మధ్యాహ్నం రెండు దాకా అన్నం ఊసు రాదు. అరకు, పాడేరు కొండల్లో ఎండిన ఆనప బుర్రలో అంబలి పోసుకుని పోడు పనికి పోతారు, ఆకు డొప్పలో వంచుకుని తాగుతారు. అక్కడి నుంచి సరిహద్దు దాటి ఒడిశా కోరాపుట్‌లో అడుగుపెడితే ఇదే మండియా పేజ్ అవుతుంది. చిత్తూరు వైపు గంగమ్మ జాతరల్లో అమ్మవారి పేరున అంబలి పోస్తారు. ఎండాకాలం ఊళ్లలో చలివేంద్రాల పక్కనే అంబలి కేంద్రాలు వెలుస్తాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నాల్లో బండ్లు ఇంకా పెరిగాయి. దానివల్ల ఒక మేలు జరిగింది, అంబలి తాగడం పేదరికానికి గుర్తు అనుకుని దాచుకున్నవాళ్లు ఇప్పుడు బాహాటంగా తాగుతున్నారు. మా నాన్న చిన్నప్పుడు బడికి క్యారేజీలో అంబలి తీసుకెళ్లి, ఎవరూ చూడకుండా నూతి వెనక్కి వెళ్లి తాగేవాడట.

నంజుకోవడానికి

అంబలి సగం, నంజుడు సగం. ఒట్టి అంబలి తాగి బాగాలేదనేవాళ్లకు నంజుడు లేకపోవడమే కారణం.

మొదటి స్థానం చల్ల మిరపకాయలది, కొన్నిచోట్ల ఊరమిరపకాయలంటారు. గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్ల మజ్జిగలో రెండు మూడు రోజులు ఊరబెట్టి, రోజూ ఎండలో పెట్టి, సాయంత్రం మళ్లీ ఆ మజ్జిగలోనే వేసి, చివరికి గలగలలాడేలా ఎండబెట్టినవి. నూనెలో వేసిన పది సెకన్లలో తీసెయ్యాలి, నల్లబడితే చేదు. గుక్కెడు అంబలి, మిరపకాయ కొస కొరుకు, మళ్లీ గుక్కెడు. ఇంతకంటే నాకేం వద్దు.

చేపలు తినేవాళ్లకు ఎండు మెత్తళ్లు. భీమిలి, కళింగపట్నం తీరాల్లో ఎండబెట్టి అమ్మే చిన్నచేపలివి. తలలు తుంచి, ఇసుక పోయేలా రెండు నీళ్లలో కడిగి, పెనం మీద నూనె లేకుండా కరకరలాడేదాకా వేయించండి. దించేముందు చిదిపిన వెల్లుల్లి, చిటికెడు కారం. ఉప్పు వెయ్యకండి, వాటిలో ఉన్నదే ఎక్కువ. అపార్ట్‌మెంట్లో ఉంటే కిటికీలు తెరిచి, పక్కింటివాళ్లు ఊళ్లో లేని రోజు చూసుకోండి.

ఇవేవీ లేకపోతే ఆవకాయ బద్ద ఒకటి. మామిడికాయల రోజుల్లో పచ్చికాయ ముక్క, ఉప్పూకారం అద్ది. నిప్పుల మీద కాల్చిన వంకాయతో చేసిన పచ్చడి కూడా భేషుగ్గా కుదురుతుంది. పల్లెల్లో ఉల్లికారం నూరుతారు: ఎండుమిర్చి, ఉప్పు, చింతపండు, ఉల్లిపాయ రోట్లో కచ్చాపచ్చాగా. చిప్స్ ప్యాకెట్టు మాత్రం నా కంట పడనివ్వకండి.

ఎంత తాగొచ్చు, ఎన్నాళ్లు ఉంటుంది

చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు అంబలి ఎంత తాగినా ఫర్వాలేదన్న మాట నమ్మకండి. చోళ్ళలో నూటికి 70 పాళ్ల దాకా పిండిపదార్థమే, పైగా మనం నూకలు కూడా వేస్తున్నాం. ఒక గ్లాసు అంబలి అంటే ఆ పూట తినే అన్నంలో కొంత మానెయ్యాలన్న లెక్క పెట్టుకోండి. అంబలి తాగి, దాని మీద ఇడ్లీలు తిని, చిరుధాన్యాలు మంచివన్నారుగా అనేవాళ్లు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు.

మజ్జిగ కలపని అంబలి కుండలో రెండో రోజు ఇంకా రుచిగా ఉంటుంది. మూడో రోజుకి పులుపు ముదురుతుంది, వేసవిలో అయితే రెండో రోజు సాయంత్రానికే. అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకో రోజు గడుస్తుంది. మజ్జిగ కలిపింది మాత్రం ఆ పూటే ముగించాలి. మరీ పులిసిపోయిందా, పారబొయ్యకండి. దానికి బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పెనం మీద అట్లు పొయ్యండి. అంచులు కరకరలాడుతూ వస్తాయి.

కుండ కడగడం

కుండ ఖాళీ అయ్యాక సబ్బు తగలనివ్వకండి. సబ్బు నీళ్లు మట్టి రంధ్రాల్లోకి ఇంకిపోయి, వచ్చేసారి అంబలిలో సబ్బు వాసన వస్తుంది. వేడినీళ్లు పోసి కాసేపు నాననిచ్చి, కొబ్బరిపీచుతో లోపల రుద్ది, అదే కుండను ఎండలో బోర్లించండి. మధ్యాహ్నానికి ముట్టుకుంటే వేడిగా ఉండాలి, లోపల వేలుపెట్టి రాస్తే తడి తెలియకూడదు. కుండలో ఉంచిన ఆ గరిటెడు పాత అంబలి సంగతి మర్చిపోలేదు కదా? కుండ కడిగే ముందే దాన్ని చిన్న గాజు సీసాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. నాలుగు రోజుల్లో మళ్లీ కాచకపోతే దాన్ని పారేసి మజ్జిగతోనే మొదలుపెట్టండి. మా ఇంట్లో ఆ సీసా మీద "తాగకండి" అని చీటీ అంటించి ఉంటుంది, అయినా నెలకోసారి ఎవరో ఒకరు తాగేస్తూనే ఉంటారు.